చెప్పలేం సార్

అక్టోబరు 9, 2023

అన్నా,

ఫోన్లో చెప్పాలంటే నువ్వు మీ బడి నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితే తప్ప సిగ్నల్ అందదు. అందినా నువ్వు అరిచే అరుపులకు నా సంగతులన్నీ ఊరికి తెలుస్తాయి. అందుకే ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ నేను మరాఠీలో మాట్లాడతాను, ఇంగ్లీషులో పాఠం చెబుతాను, హిందీలో ఆటోవాళ్ళతో పోట్లాడతాను. నాన్న పలక మీద దిద్దించిన తెలుగు రాసేది నీ ఒక్కడికే. నీకు రాయడం మానేస్తే నా చేతికి తెలుగు మిగలదు.

అసలు సంగతి చెబుతాను, కూర్చుని చదువు. ప్రాజెక్టు మంజూరైంది! మన సిరోంచ చుట్టూ పొలాల్లో, వాగుల్లో పడి ఉండే రాతి కట్టెల మీద నేను రాసి పంపిందే. చిన్నప్పుడు నువ్వు నన్ను ఎక్కించి గుర్రం ఆట ఆడించిన ఆ రాళ్ళు కోట్ల ఏళ్ళ కిందటి చెట్లని నేనంటే నవ్వేవాడివి కదా. ఢిల్లీవాళ్ళు నవ్వలేదు, డబ్బులిచ్చారు. ఫీల్డు పనికి నాయకత్వం ఎవరిదో మా హెచ్‌ఓడీ సార్ ఈ నెలలో తేలుస్తారు. ఆలోచన నాది, ఊరు నాది, కాబట్టి నాకే రావాలి. అది వస్తే జూన్‌లో జరిగే పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూలో నా చేతిలో ఒక బలం ఉంటుంది. ఏడేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాను. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. నాకు ఇదొక్కటే కావాలి అన్నా.

మా జియాలజీ విభాగంలో ఆడ టీచరును నేనొక్కదాన్నే. ఆడవాళ్ళ బాత్రూము పక్క బిల్డింగులో ఉంది. ఈ బిల్డింగు కట్టేటప్పుడు రాళ్ళ చదువుకు ఆడవాళ్ళు వస్తారని ఎవరికీ తోచలేదట. టీ వేళకు మగవాళ్ళంతా క్యాంటీనుకు పోతారు. మర్యాదకు నన్నూ పిలుస్తారు, నేను వెళ్తే మాటలు ఆపేస్తారు. అందుకని నా గదిలోనే కెటిల్ పెట్టుకున్నాను.

స్థానికంగా తెలిసినవాళ్ళ నంబరు కావాలని సార్ అడిగితే నీది ఇచ్చాను. ఫోన్ వస్తే మర్యాదగా మాట్లాడు. నీ జోకులు ఆయన దగ్గర వేయకు.

నీ చెల్లె,
ఉమారాణి


అక్టోబరు 22, 2023

ఉమా,

ఉత్తరం అందింది. మీ వదిన ప్రశాంతి దాన్ని రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత వీధిలోకి పోయి "మా ఆడిబిడ్డ పెద్ద మేడం అయితాంది, ఢిల్లీల పేరు పోయింది" అని చాటింది. ఇక నువ్వు కాకపోయినా అయినట్టే.

మీ సార్ ఫోన్ చేశారు. దసరా సెలవులు కాబట్టి సిరోంచలో ఇంట్లోనే దొరికాను. మంచి మనిషిలా ఉన్నారు, "గురూజీ, గురూజీ" అంటూ మాట్లాడారు. ఇటువైపు దారి ఎట్లుంటుంది, అడవి ఎంత దూరం, ఆడమనిషి వస్తే ఎట్లా అని అడిగారు. మనం ఎట్ల మాట్లాడాలో అట్లనే మాట్లాడాను. జోకులు వేయలేదు, ఒట్టు. నీకు మాట రాకుండా చూసుకున్నాను, పరేషాన్ కాకు.

నువ్వు వస్తావని వెనక గదికి సున్నం వేయించాను. ఆ గదిలో వరిబస్తాలు పెడదామని మీ వదిన అంటే పడనివ్వలేదు. స్వీటీ తన పుస్తకాలు అందులో సర్దుకుని "అత్త గది నాది కూడా" అంటోంది. తొమ్మిదో తరగతికే మాటలు కోటలు దాటుతున్నాయి. అన్నీ నీ పోలికలే.

వేళకు తిను. కెటిల్ టీతో కడుపు నిండదు.

మీ అన్న
ఆనంద్


నవంబరు 8, 2023

అన్నా,

పోయింది. నాయకత్వం కృష్ణకాంత్‌కు ఇచ్చారు. అతనిది నా పక్క గది, నాతోపాటే చేరాడు. మంచివాడే, కానీ రాతి కట్టెల మీద ఒక్క ముక్క కూడా రాయలేదు. నన్ను ఇక్కడే ఉండి అతను తెచ్చిన రాళ్ళు కోసి సూక్ష్మదర్శిని కింద చూడమన్నారు. పేపర్లలో మొదటి పేరు అతనిది, ఆ వెనక నాది.

కారణం ఏం చెప్పారో తెలుసా? భద్రత. ఒంటరి ఆడమనిషిని గడ్చిరోలి అడవికి పంపి రేపు ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలట. నేను అక్కడే పుట్టాను సార్ అన్నాను. "మీ ఇంట్లోవాళ్ళే భయపడుతున్నారు మేడం, నేను స్వయంగా మాట్లాడాను" అన్నారు. నా ముఖం మీదే అంత అబద్ధం! నువ్వు భయపడ్డావట. ఎలుగుబంటి ఎదురొస్తే దానికి నమస్తే పెట్టి సైకిల్ తొక్కుకుంటూ వచ్చినవాడివి నువ్వు.

నేను ఊరుకోలేదు. ఇక్కడ స్త్రీ పురుష సమానత్వానికని ఒక కమిటీ ఉంది, బోర్డు కూడా పెట్టారు. దానికి ఫిర్యాదు రాసిచ్చాను. మా కుటుంబం ఎలాంటి భయమూ చెప్పలేదని, అది సార్ కల్పించిన మాటని సంతకం పెట్టి మరీ రాశాను.

దీపావళికి రావడం లేదు. హాస్టల్లో అందరూ వెళ్ళిపోయారు, మెస్ కూడా మూసేశారు. నిన్న రాత్రి మరమరాలు తిని పడుకున్నాను. ఇదంతా వదినకు చదివి వినిపించకు.

ఉమ


నవంబరు 14, 2023

ఉమా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. దీపావళికి పోస్టాఫీసు కూడా మూతపడింది. నాకే చెప్పాల్సిన సంగతులు బోలెడున్నాయి కాబట్టి రాస్తున్నాను.

మీ కృష్ణకాంత్ గారు వచ్చారు. నీకంటే ముందు దారీ తెన్నూ చూసిపోదామని వచ్చినట్టున్నారు. చామోర్షి వైపు మనిషట, తెలుగు కొద్దికొద్దిగా వస్తుంది. మీ ఆఫీసు మనిషి కదా, మన ఇంట్లోనే దించాను. మీ వదిన నాటుకోడి కోసింది. మూడు రోజులు బండి మీద తిప్పాను. నువ్వు గుర్రమని ఎక్కిన రాయి, వాగు ఒడ్డున నువ్వు జారిపడిన పెద్ద మొద్దు, అన్నీ చూపించాను. పాతగూడెం దారిలో జంగు తెలుసుగా, మన నాన్నతో అడవికి పోయేవాడు, అతన్ని వెంటబెట్టుకుని ఇంకా లోపలికి తీసుకుపోయాను. పాపం ఆయన సంతోషం చూడాలి, ప్రతి రాయికీ ఫోటో తీశారు. నీ పేరు చెప్పుకుని ఇదంతా చేశాను, నీకు పని సులువవుతుందని.

ఆయన వచ్చేముందు కూడా మీ సార్ ఫోన్ చేశారు. నీ గురించి అడిగిన ప్రశ్నలే మళ్ళీ ఆయన గురించి అడిగారు. నేనూ అదే జవాబు చెప్పాను. నీ గురించి చెప్పిందే ఆయన గురించీ చెప్పాను, మాట మార్చలేదు. "చెప్పలేం సార్, అడవి దారి, ఎప్పుడెట్లుంటదో" అన్నాను.

నువ్వెప్పుడు వస్తున్నావు? గది ఎదురుచూస్తోంది.

ఆనంద్


నవంబరు 25, 2023

అన్నకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అబద్ధం ఆడింది సార్ కాదు, నేను.

కమిటీ ముందు సార్ నవ్వుతూ కూర్చున్నారు. "వాళ్ళన్నను ఇప్పుడే ఫోన్లో అడగండి" అన్నారు. నీ ఉత్తరం ముందురోజే అందింది కాబట్టి సరిపోయింది, అంతవరకు రాకుండానే లేచి ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఏడేళ్ళలో ఇక్కడ నేను తల వంచింది అదే మొదటిసారి, అదీ నీ మాట వల్ల.

అయినా నాకు నీ మీద ఉన్న కోపం కంటే వేరే ఒకటి ఎక్కువ బాధపెడుతోంది. నువ్వు ఇద్దరి గురించీ ఒకటే మాట చెప్పావు. చెప్పలేం సార్. ఆ మాట నా దగ్గరికొచ్చేసరికి ఇంట్లోవాళ్ళ భయమైంది, నన్ను ఆపేశారు. అతని దగ్గరికొచ్చేసరికి మామూలు జాగ్రత్త అయింది, టార్చిలైటూ బూట్లూ కొనిచ్చి పంపారు. కమిటీకి ఇది కూడా చెప్పాను. రాసుకున్నారు.

నువ్వు ఒక్క మాట, "మా చెల్లె ఇక్కడిదే, రానీయండి" అని అనలేకపోయావా? నేను గుర్రం ఆడిన రాయిని అతనికి చూపించావు. వదిన కోడి కోసింది.

ఉమ


డిసెంబరు 6, 2023

ఉమా,

నీ రెండు ఉత్తరాలూ రెండు రోజుల తేడాలో అందాయి. ఆయన నీకు రావాల్సిన పని తీసుకుని వచ్చాడని తెలిస్తే ఇంటి గడప తొక్కనిచ్చేవాణ్ణా? మీ వదినైతే ఆ కోడిని తలచుకుని తలచుకుని తిడుతోంది.

కానీ ఒక మాట చెప్పనీ. నువ్వు పదహారేళ్ళకే హాస్టలుకు పోయావు, ఇక్కడి తీరు మర్చిపోయావు. బయటినుంచి ఎవరు అడిగినా దారి బాగుందని మనం చెప్పం. చెప్పాక ఏదైనా అయితే ఇటు పోలీసులూ పిలుస్తారు, అటు అడవిలోవాళ్ళూ పిలుస్తారు, "నువ్వే గదా రమ్మన్నది" అని. మన నాన్నను అట్లా రెండుసార్లు కూర్చోబెట్టారు. అందుకని తహసీల్దారు అడిగినా, కరెంటాఫీసువాళ్ళు అడిగినా, పిల్లను చూడవచ్చేవాళ్ళు అడిగినా మాది ఒకటే జవాబు. అది వద్దని కాదు. వస్తే రండి, బాధ్యత మీది అని. సిరోంచలో చిన్న పిల్లవాడికి కూడా ఇది తెలుసు. ఊరుగాని ఊళ్ళో కూర్చున్న మీ సార్‌కు తెలియదని నాకు తట్టలేదు.

చేసింది దిద్దుకున్నాను. నేనే మీ సార్‌కు ఫోన్ చేశాను. ఇంటి పెద్ద రాతపూర్వకంగా ఒప్పుకుంటే కమిటీ మళ్ళీ ఆలోచిస్తుందన్నారు. మర్నాడే తహసీలుకు పోయి బాండు పేపరు మీద 'నా హరకత్', అదే ఇంటివాళ్ళకు అభ్యంతరం లేదనే కాగితం, రాయించాను. మా చెల్లెలు ఉమారాణి నా పూర్తి అనుమతితో ఫీల్డుకు వస్తుందని, ఏం జరిగినా మా కుటుంబానిదే పూచీ అని. తోడుగా మన పక్కింటి గంగక్కను పంపుతామని కూడా చేర్చాను. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, అయినా "ఉమ కోసం రానా, నీడకు కూసుంట" అంది. కాగితం ఇందులోనే పెట్టాను. సార్‌కు ఇవ్వు, నీ పని అయిపోతుంది.

ఇప్పటికైనా నవ్వు.

అన్న


డిసెంబరు 18, 2023

అన్నా,

కాగితం వెనక్కి పంపుతున్నాను. చింపలేదు, నీ సంతకం చూస్తే చింపబుద్ధి కాలేదు.

కోప్పడకుండా విను. నాకు ముప్పై ఆరేళ్ళు. రాళ్ళలో డాక్టరేటు ఉంది. పిల్లలకు ఫీల్డు పని నేర్పేది నేను. నేను పుట్టిన ఊరికి పనిమీద వెళ్ళాలంటే అన్న అనుమతి కావాలట. కృష్ణకాంత్‌కు ఎవరూ సంతకం పెట్టలేదు. అతని వెంట గంగక్కను ఎవరూ పంపలేదు.

ఇది ఇస్తే నాకు పని దొరుకుతుంది, నిజమే. కమిటీ పెద్ద కూడా ఆడమనిషే, కెమిస్ట్రీలో సీనియరు. నన్ను పక్కకు పిలిచి, "తీసుకో తల్లీ, ఇచ్చెయ్. నేనూ ఆ రోజుల్లో మా ఆయన సంతకంతోనే విదేశం వెళ్ళాను" అంది. ఆమె మంచికే చెప్పింది. కానీ మా ఎమ్మెస్సీలో ఇప్పుడు పద్నాలుగు మంది ఆడపిల్లలున్నారు. అందరికీ నీలాంటి అన్న ఉండడు. ఒకమ్మాయి అన్న ఆమె ఫోను కూడా లాక్కున్నాడు. నా కాగితం ఒకసారి ఫైల్లోకి వెళ్తే రేపు వాళ్ళందరినీ తెమ్మంటారు. నువ్వు ప్రేమతో రాయించావు, వాళ్ళు దాన్ని తాళంలా వాడతారు.

అందుకని నేను ఇక్కడే ఉన్నాను. అతను పంపిన రాళ్ళు వచ్చాయి. వాటిని కోస్తున్నాను. మొన్న ఒక ముక్కలో చెట్టు వలయాలు ఎంత స్పష్టంగా కనిపించాయో! చూపిద్దామని తలెత్తాను. ల్యాబులో ఎవరూ లేరు. ఫిర్యాదు పెట్టినప్పటినుంచి నన్ను టీకి కూడా పిలవడం మానేశారు.

ఇది పోస్టు చేయడానికి భయంగా ఉంది. నువ్వు కూడా అలిగి మాట్లాడకపోతే నాకు ఇంకెవరూ లేరన్నా.

ఉమ


ఫిబ్రవరి 4, 2024

ఉమా,

అలిగాను. అబద్ధం చెప్పను. పెట్టిన సంతకాన్ని వెనక్కి పంపితే ఎవరికైనా కోపం వస్తుంది. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు, నువ్వు ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేశాను. ఆ కాగితం అల్మారాలో ఉంది. మీ వదిన దాన్ని చూసినప్పుడల్లా "గా పిల్ల చెప్పింది నీకు సమజ్ కాలేదా?" అంటుంది. నాకు కాలేదు. మొన్న అయింది.

కృష్ణకాంత్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇంట్లో దించలేదు, లాడ్జీలో దిగాడు. పొద్దున్నే బస్టాండు దగ్గర టీ కొట్టుకు వచ్చి జంగును మాట్లాడిపెట్టమన్నాడు, పాతగూడెం అవతలిదాకా పోవాలట. జంగు అక్కడే ఉన్నాడు. నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు, "సార్, మీ ఇంటికెల్లి 'నా హరకత్' కాయితం తెచ్చిండ్రా?" అని అడిగాను.

ఆయనకు అర్థం కాలేదు. "నాకెందుకు గురూజీ?"

"అడవి గద సార్. మీకేమన్న అయితే మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె? మీ అన్నదో నాయినదో ఒక సంతకం ఉంటే మాకు జర ధైర్యం."

ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. జంగు కూడా నవ్వలేదు, బీడీ ఆర్పి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నేను మొగోన్ని గదా గురూజీ!" అన్నాడాయన.

"పాముకు గది తెలుస్తదా సార్?" అన్నాడు జంగు. "కాయితం లేకుంటే నేను రాను."

కొట్టు దగ్గర నలుగురూ మూగారు. ఆయన ముఖం ఎర్రబడింది, అక్కడే మీ సార్‌కు ఫోన్ కలిపి నాకిచ్చాడు. మీ సార్ మరాఠీలో గట్టిగా వేసుకున్నారు, ఇదేం తమాషా అని. నేను మెల్లగానే చెప్పాను. "సార్, మీ రెండు ఫోన్లకూ నేను చెప్పింది ఒకటే మాట. మీరే రెండు తీర్ల విన్నారు. ఇప్పుడు నేనూ ఒకటే తీరు అడుగుతున్నాను. మా చెల్లెకు కాయితం కావాలంటే ఈ సార్‌కూ కావాలి." ఫోన్ పెట్టేశారు.

మర్నాడు పొద్దున బస్సుకు ఆయన వెళ్ళిపోయాడు. ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, "మేడంది ఈ ఊరని పోయినసారి మీ ఇంటికి వచ్చాకే నాకు తెలిసింది" అన్నాడు. ఏడేళ్ళు పక్కపక్క గదుల్లో ఉన్నారు కదా ఉమా. నువ్వెక్కడిదానివో కూడా ఆయన ఎన్నడూ అడగలేదు. అప్పటిదాకా నాకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయి నిన్ను తలచుకుని దుఃఖం వచ్చింది. అక్కడ ఎట్లా ఉంటున్నావే తల్లీ?

తొందరపడి నీకు మళ్ళీ చెరుపు చేశానేమో. మీ సార్ నిన్ను ఏమన్నారు? తిట్టు, కానీ రాయి.

ఆనంద్


మార్చి 3, 2024

అన్నా,

చెరుపే చేశావు. అయినా ఆ ఉత్తరం చదివి హాస్టలు గదిలో ఒక్కదాన్నే ఎంత నవ్వానంటే పక్క గది అమ్మాయి తలుపు కొట్టింది. జంగు కాళ్ళకు నా దండం చెప్పు.

జరిగింది చెబుతాను. సార్ మండిపడ్డారు. సమానత్వం కావాలి కదా, ఇదిగో అని సర్క్యులర్ తీశారు. ఫీల్డుకు వెళ్ళే ప్రతి ఒక్కరూ, ఆడా మగా తేడా లేకుండా, ఇంటినుంచి అంగీకారపత్రం తేవాలట. మర్నాడు స్టాఫ్ రూములో గోల. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే ప్రొఫెసర్ ఒకరు "నాది ఎవరు రాయాలి, మా ఆవిడా, మా అబ్బాయా?" అని అరిచారు. ఇంకొకాయన ఇది అవమానం అన్నారు. కుటుంబానికీ పనికీ సంబంధం ఏమిటన్నారు. అన్నీ డిసెంబరులో కాగితం ఇవ్వనన్నప్పుడు నేను చెప్పిన మాటలే. అప్పుడు ఎవరికీ వినపడలేదు. నాలుగో రోజుకు సర్క్యులర్ రద్దయింది. ఇక కాగితం ఎవరికీ అక్కర్లేదు. మా ఎమ్మెస్సీ అమ్మాయిలు కారిడార్లో చప్పట్లు కొట్టి తిట్లు తిన్నారు.

కమిటీ కూడా తేల్చింది. నన్ను ఆపడం తప్పన్నారు. కానీ ఇచ్చిన నాయకత్వాన్ని మధ్యలో మార్చరట. పాతగూడెం వైపు సగం నాకు విడిగా ఇచ్చారు. జూన్ ఇంటర్వ్యూకు కృష్ణకాంత్ చేతిలో రెండు పేపర్లుంటాయి, నా చేతిలో ఇంకా ఏమీ ఉండదు. ఆ పోస్టు నాకు రాదన్నా. ఇది నీకు తెలియాలి, వదినకు కూడా చెప్పు. వీధిలో చాటడం మానేయమను. కృష్ణకాంత్ నా గదికి వచ్చి, "ఎప్పుడూ అడగలేదు మేడం, నా పొరపాటు" అన్నాడు. టీ ఇచ్చాను. తాగి వెళ్ళాడు.

ఈ పదకొండున పొద్దుటి బస్సులో సిరోంచలో దిగుతాను. నాతో ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు, సుత్తులూ సంచులూ మావే. జంగుకు కూలి ప్రాజెక్టునుంచి నేనే ఇస్తాను, నువ్వు మాట్లాడకు. పగలు ఎవరైనా నా గురించి అడిగితే పనిమీద వచ్చిన మేడం అని చెప్పు. చీకటి పడ్డాక ఇంటికొస్తాను, అప్పుడు నీ చెల్లెను. వెనక గదిలో ముగ్గురం పడుకుంటాం, స్వీటీతో నలుగురం. వదినను కోడి మాత్రం కోయొద్దను.

ఒక్కటే అడుగుతాను. బస్టాండుకు రాకు. నీకు కష్టమని తెలుసు. నిన్ను అక్కడ చూస్తే నేను ఏడుస్తాను, ఆ అమ్మాయిలు నన్ను చూస్తుంటారు. ఇన్నేళ్ళకు దొరికిన పనికి అది మొదటి రోజు.

ఉమ